బోధిధర్మునికి ముందే గీసిన బరి

చైనా యుద్ధకళలకు ఆ దేశంలో నేడు వాడుకలో ఉన్న పేరు వుషు. అందులో ‘వు’ అంటే యుద్ధానికి సంబంధించినది, ‘షు’ అంటే విద్య లేదా నేర్పు. బయటి ప్రపంచానికి ఎక్కువగా తెలిసిన కుంగ్‌ఫూ అనే మాటకు మొదట పోరాటంతో సంబంధం లేదు. వంట కానీ చేతిరాత కానీ, కాలం వెచ్చించి ఒళ్లు వంచి సాధించిన ఏ పనితనానికైనా ఆ మాట చెల్లుతుంది. ఈ విద్య పుట్టుక గురించి తెలుగునాట స్థిరపడిన నమ్మకం ఒకటుంది. దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిధర్ముడనే భిక్షువు షావోలిన్ మఠంలోని సన్యాసులకు తొలి పాఠాలు చెప్పాడనీ, చైనా పోరాట విద్యలన్నీ ఆ ఒక్క ఊటనుంచే పారాయనీ చాలామంది భావిస్తారు. ఆ నమ్మకం ఎప్పుడు, ఎవరి రాతలతో మొదలైందో ఈ భాగం చివరకు వచ్చేసరికి తేలుతుంది. దానికన్నా ముందు గమనించవలసింది, ఆ భిక్షువు చైనా నేలపై అడుగుపెట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందునుంచే అక్కడి సైన్యాల్లో, రాజసభల్లో, ఊరి సంబరాల్లో ఈ విద్యలు వర్ధిల్లాయనడానికి రాతపూర్వకమైన సాక్ష్యాలు ఉన్నాయన్న సంగతి.

చైనాలో లిపి, కంచు పోతపని, రథబలం మూడూ కలిసి కనిపించే తొలి రాజ్యం షాంగ్ వంశానిది. క్రీ.పూ. 1200 ప్రాంతంలో దాని రాజధాని ఉన్న అన్యాంగ్ దగ్గర, 1976లో, వు డింగ్ అనే రాజు భార్య ఫు హావో సమాధి దొంగల చేయి పడకుండా చెక్కుచెదరని స్థితిలో బయటపడింది. అందులో దొరికిన వందకు పైగా ఆయుధాల్లో, ఒక్కొక్కటి ఎనిమిది కిలోలు దాటిన రెండు కంచు గండ్రగొడ్డళ్లు ఉన్నాయి. జోస్యం కోసం ఎముకల మీద గీసిన ఆనాటి రాతలు ఆమె సేనలు నడిపిందని చెబుతున్నాయి కాబట్టి, ఆ గొడ్డళ్లు అలంకారానికి పెట్టినవి కావనీ, ఆమె అధికారానికి గుర్తులనీ భావించడమే సబబు. ఆ కాలపు ముఖ్యమైన ఆయుధం ‘గె’. పొడవాటి కర్ర చివర, పక్షి ముక్కులా అడ్డంగా బిగించిన కంచు బాకు అది. ముందుకు పొడవడానికన్నా, పైనుంచి కొట్టి వెనక్కి లాగి కోయడానికి ఎక్కువ పనికొచ్చేది.

‘వు’ అనే అక్షరం ఈ ఆయుధం బొమ్మతోనే ఏర్పడింది. ‘గె’ కింద పాదాన్ని సూచించే గుర్తు చేరిస్తే ఆ అక్షరం వస్తుంది. ఆ పాదపు గుర్తుకే తరువాతి కాలంలో ‘ఆగడం’ అన్న అర్థం కూడా వచ్చింది. క్రీ.పూ. 597లో బి అనే చోట జిన్ రాజ్యాన్ని ఓడించిన చూ రాజు జ్వాంగ్, శత్రువుల శవాలను గుట్టగా పోసి విజయస్మారకం కట్టించమన్న సలహాను తోసిపుచ్చుతూ, ఆయుధాన్ని ఆపడమే ‘వు’ అనే అక్షరానికి అర్థమని చెప్పినట్లు ‘జువో జువాన్’ అనే చరిత్ర గ్రంథం నమోదు చేసింది. ప్రాచీన లిపులు చదివిన నేటి పండితులు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోరు. పాదం నడకకు గుర్తు, ఆయుధం పట్టుకుని దండు నడవడమే ఆ అక్షరపు అసలు భావమని వారి నిర్ణయం. అక్షరం విషయంలో రాజు పొరబడి ఉండవచ్చు. కానీ గెలిచిన మైదానంలో నిలబడి ఆయన చెప్పిన ఆ అర్థాన్నే చైనా యుద్ధకళల గురువులు శతాబ్దాలుగా శిష్యులకు చెబుతూ వచ్చారు.

షాంగ్ వంశాన్ని కూలదోసిన జౌ వంశం కాలంలో పోరాటం కులీనుల విద్యాభ్యాసంలో భాగమైంది. వారి పిల్లలు నేర్వవలసిన ఆరు విద్యలు మర్యాదలు, సంగీతం, విలువిద్య, రథచోదన, రాత, లెక్కలు. అంటే ఆరింటిలో రెండు నేరుగా యుద్ధవిద్యలే. విలువిద్య పోటీలో గురి ఎంత ముఖ్యమో, మెట్లెక్కే తీరు, వంగి నమస్కరించే తీరు కూడా అంతే ముఖ్యం. పోరాట విద్యకు మర్యాద కూడా భాగమనే భావనకు వేళ్లు ఈ విలువిద్య వేదికల దగ్గరే ఉన్నాయి. జౌ ఆచారాలను వివరించే ‘లీ జి’ గ్రంథం ప్రకారం చలికాలపు తొలి నెలలో రాజు సేనానులను పిలిచి దళాలకు విలువిద్య, రథచోదన, బలపరీక్ష సాధన చేయించమని ఆజ్ఞాపించేవాడు. ఆ బలపరీక్ష మల్లయుద్ధమే. పంట ఇంటికి చేరి చేలు ఖాళీ అయిన వేళ రైతును సైనికుడిగా తీర్చిదిద్దే ఏర్పాటు అది.

వట్టి చేతుల పోరు గురించిన తొలి వార్తలు కూడా ఈ కాలానివే. క్రీ.పూ. 682లో సొంగ్ రాజ్యపు వీరుడు నాన్‌గొంగ్ వాన్, తాను శత్రువులకు బందీగా చిక్కిన సంగతిని ఎత్తిపొడిచిన ప్రభువును చంపి, అడ్డువచ్చిన మంత్రిని చేతి దెబ్బతోనే కూల్చాడని ‘జువో జువాన్’ చెబుతుంది. యాభై ఏళ్ల తరువాత, క్రీ.పూ. 632లో, చెంగ్‌పు యుద్ధానికి ముందు రాత్రి జిన్ ప్రభువు వెన్, తాను చూ రాజుతో కలబడినట్లూ, ఆ రాజు తనను కింద పడేసి మీదెక్కినట్లూ కలగని భయపడ్డాడు. వెల్లకిలా పడినవాడు ఆకాశాన్ని చూస్తాడు, బోర్లా ఉన్నవాడు దోషిలా తల వంచుతాడు కాబట్టి అది శుభస్వప్నమే అని మంత్రి ధైర్యం చెప్పాడు. మరునాటి యుద్ధంలో జిన్ గెలిచింది. కలబడి పడగొట్టడం, పైన ఎవరు, కింద ఎవరు అన్నది ప్రభువుల కలల్లోకి కూడా వచ్చేంతగా ఆనాటి జీవితంలో కలిసిపోయిందని ఈ కథనం చెప్పకనే చెబుతుంది.

క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి రాజ్యాల మధ్య పోరు ముదిరి, రథాలపై కులీనులు చేసే యుద్ధం వెనకబడి, వేలాది రైతులను కాల్బలంగా దింపే యుద్ధం ముందుకు వచ్చింది. యంత్రవిల్లు, ఇనుము, కఠినమైన సైనిక శిక్షణ వచ్చాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు తాత్త్వికుడు షున్‌జి నాటి సేనలను బేరీజు వేస్తూ, చీ రాజ్యం ‘జీజీ’ని, అంటే ఒంటరిగా కొట్టే నేర్పును, గొప్పగా చూసేదనీ, యుద్ధం గెలిచినా ఓడినా తెచ్చిన తలకు బంగారం చెల్లించేదనీ, అలాంటి సైన్యం బలహీనుడి మీద చెల్లుతుంది గాని గట్టి శత్రువు ఎదురైతే చెల్లాచెదరవుతుందనీ తీర్పు చెప్పాడు. వెయ్ రాజ్యం దీనికి భిన్నంగా మూడు భాగాల కవచం, యంత్రవిల్లు, 50 బాణాలు, ఆయుధం, మూడు రోజుల తిండి మోసుకుని పూట తిరగకుండా 100 లీలు (లీ అంటే చైనా దూరపు కొలత) నడవగలవారిని ఎంచుకునేది. వ్యక్తి నేర్పుకూ దళ క్రమశిక్షణకూ మధ్య తగువు చైనా యుద్ధకళల చరిత్ర పొడవునా మళ్లీమళ్లీ తలెత్తుతుంది. షున్‌జి రాతలు దానికి తొలి రూపం.

ఈ కాలాన్నే నేపథ్యంగా చేసుకుని చెప్పిన యుయె కన్య కథ దగ్గర కొంచెం ఆగాలి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో యుయె రాజ్యాన్ని ఏలిన గౌజియాన్, తనను అవమానించిన వూ రాజ్యంపై పగ తీర్చుకోవడానికి సేనను సిద్ధం చేస్తూ, అడవుల్లో పెరిగి గురువు లేకుండానే కత్తి నేర్చిన ఒక యువతిని పిలిపించాడని, ఆమె దారిలో తనను పరీక్షించిన ముసలివాణ్ణి వెదురుకర్రతో ఎదుర్కోగా అతడు తెల్లకోతిగా మారి చెట్టెక్కాడని ఆ కథ. రాజు అడిగినప్పుడు ఆమె చెప్పిన సిద్ధాంతమే ఇందులో అసలైన విలువ. కత్తి విద్యకు తలుపులున్నాయనీ, అవి తెరుచుకోవడం మూసుకోవడం, యిన్ యాంగ్‌ల పెరుగుదల తరుగుదల తెలియాలనీ, లోపల మనసు దిటవుగా, పైకి నెమ్మదిగా, చూపులకు సాధువైన స్త్రీలా ఉండి, తలపడ్డప్పుడు పులిలా ఉండాలనీ ఆమె వివరిస్తుంది. యిన్ అంటే నీడ, మెత్తదనం, వెనక్కి తగ్గడం. యాంగ్ అంటే వెలుగు, గట్టిదనం, ముందుకు సాగడం. ఈ కథ క్రీ.శ. 1వ శతాబ్దంలో జావో యె రాసిన యుయె, వూ రాజ్యాల చరిత్రలో ఉంది కాబట్టి గౌజియాన్ సభలో ఇది జరిగిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా, కొట్టడం ఎలాగో చెప్పడంతో ఆగకుండా, ఆ కొట్టడం వెనుక ఉన్న సూత్రమేమిటో చెప్పిన అతి పాత చైనా రచనల్లో ఇది ఒకటి. దాన్ని చెప్పిన నోరు స్త్రీది కావడం, తరువాతి కాలపు గురుపరంపరలు చాలావరకు పురుషుల పేర్లతోనే నిండిపోవడం గమనించదగినవి. గౌజియాన్ మాత్రం కల్పన కాదు. 1965లో హుబె రాష్ట్రంలోని జియాంగ్‌లింగ్ దగ్గర ఒక సమాధిలో దొరికిన సుమారు 56 సెంటీమీటర్ల కంచు కత్తిపై, అది యుయె రాజు గౌజియాన్ తన సొంత వాడుకకు చేయించుకున్నదని పక్షుల ఆకారం కలిసిన లిపిలో చెక్కి ఉంది. రెండు వేల ఏళ్లకు పైగా భూమిలో ఉన్నా దాని అంచు పదును పోలేదు.

క్రీ.పూ. 221లో రాజ్యాలన్నిటినీ ఏకం చేసిన చిన్ చక్రవర్తి, జనం దగ్గరి ఆయుధాలను రాజధానికి తరలించి, కరిగించి, పన్నెండు లోహ విగ్రహాలు పోయించాడు. ఆయుధం దూరమైన చోట మల్లయుద్ధం వేడుకగా పెరిగింది. ‘జువెది’ అని పిలిచిన ఈ కుస్తీ పేరుకు కొమ్ములతో కుమ్ముకోవడమని అర్థం. రెండవ చిన్ చక్రవర్తి రాజ్యం కూలుతున్న వేళ కూడా రాజసౌధంలో జువెది చూస్తూ ఉండిపోయాడని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. తరువాతి హాన్ వంశంలో ఈ వేడుక ఎంతకు పెరిగిందంటే, క్రీ.పూ. 108 వసంతంలో వు చక్రవర్తి ఏర్పాటు చేసిన జువెది ప్రదర్శనకు 300 లీల దూరం నుంచి జనం తరలివచ్చారు. అదే కాలంలో వట్టి చేతుల పోరు కొలువుకు ద్వారం కూడా తెరిచింది. క్రీ.పూ. 36లో మధ్యాసియా దండయాత్రకు నాయకత్వం వహించిన గాన్ యెన్‌షౌ యువకుడిగా ఉన్నప్పుడు అంగరక్షక దళంలో పై స్థానానికి ఎదిగింది చేతిపోరు పరీక్షలో నెగ్గి.

కుస్తీకీ ముష్టిపోరుకూ తేడా ఈ కాలంలోనే స్పష్టమైంది. పట్టి పడగొట్టేది జువెది, చేతులతో కొట్టేది ‘షౌబో’. క్రీ.శ. 92లో మరణించిన చరిత్రకారుడు బాన్ గు తన హాన్ చరిత్రలో రాజగ్రంథాలయపు పుస్తకాల పట్టికను చేర్చాడు. అందులో యుద్ధశాస్త్ర గ్రంథాలు నాలుగు తరగతులు; వాటిలో నాలుగవది నేర్పులకు సంబంధించినది. చేతులకూ కాళ్లకూ సాధన, ఆయుధాలకు సౌలభ్యం, దాడిలో, రక్షణలో గెలుపు అని ఆ తరగతిని బాన్ గు నిర్వచించాడు. విలువిద్య మీద పలు పుస్తకాలు, కత్తి మీద 38 అధ్యాయాలు, సైనికుల కాలిబంతి ఆట మీద 25 అధ్యాయాలు, వాటి పక్కనే షౌబో మీద ఆరు అధ్యాయాలు అందులో కనిపిస్తాయి. అంటే క్రీస్తుశకం మొదలయ్యే నాటికే చైనాలో ముష్టిపోరుకు పాఠ్యగ్రంథం ఉంది, దానిని రాజగ్రంథాలయం భద్రపరచింది, వినోదంతో కలపకుండా యుద్ధశాస్త్రంలో చేర్చింది. ఆ ఆరు అధ్యాయాల్లో ఒక్క పంక్తి కూడా నేటికి మిగల్లేదు. చైనా యుద్ధకళల చరిత్రకు ఇంతకు మించిన నష్టం మరొకటి లేదు. ఆ ఖాళీలోనే తరువాతి కాలపు పుక్కిటి కథలన్నీ కాపురం పెట్టాయి.

హాన్ కాలంలో అశ్వదళం పెరగడంతో రెండంచుల కత్తి ‘జియాన్’ యుద్ధరంగంలో తగ్గి, ఒకే అంచు, మందమైన వీపు, పిడి చివర ఉంగరం ఉన్న ‘దావ్’ ముందుకు వచ్చింది. గుర్రం మీద పోతూ నరికేవాడికి రెండో అంచుతో పనిలేదు, వీపు గట్టిగా ఉంటే కత్తి విరగదు. జియాన్ మాత్రం మర్యాదస్తుల నడుముకు, విద్వాంసుల సాధనకు చేరింది. ఆ సాధన ఎలా ఉండేదో త్సావ్ పీ తన గురించి తాను రాసుకున్న మాటల్లో కనిపిస్తుంది. క్రీ.శ. 220లో వెయ్ వంశపు తొలి చక్రవర్తి అయిన ఈ కవి, లుయోయాంగ్ నగరపు వాంగ్ యుయె శిష్యుడైన షి ఆ దగ్గర కత్తి నేర్చాడు. వట్టి చేతులతో కత్తుల్లోకి చొచ్చుకుపోగలడని పేరున్న సేనాని డెంగ్ జాన్‌తో ఒక విందులో వాదన వచ్చి, నములుతున్న చెరకుగడలనే కత్తులుగా పట్టి ఇద్దరూ మెట్లు దిగి తలపడ్డారు. త్సావ్ పీ మూడుసార్లు ప్రత్యర్థి చేతిమీదే కొట్టాడు. డెంగ్ జాన్ మరోసారి అడిగినప్పుడు, తాను తొందరపడి మధ్యలోకి దూకినట్లు నటించి, అతడు ముందుకు రాగానే పాదం వెనక్కి లాగి నుదుటిపై తగిలించాడు. గెలిచినవాడి మాట కాబట్టి కొంత తగ్గించి చదవవచ్చు. కానీ ఎర చూపి రప్పించడం, అడుగుతో దూరాన్ని కొలవడం, చేతిని లక్ష్యంగా తీసుకోవడం వంటి వివరాలు అనుభవం లేనివాడు రాయలేడు. గురువు పేరు, గురువుకు గురువు పేరు చెప్పుకోవడం కూడా ఇక్కడ కనిపిస్తుంది.

పోరుతో సంబంధం లేకుండా మరో పాయ ఈ కాలంలోనే సాగింది. ఊపిరిని నడిపిస్తూ ఒళ్లు సాగదీసే వ్యాయామాలను ‘దావోయిన్’ అనేవారు. క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌డ్వే సమాధిలో 1970ల్లో బయటపడిన పట్టువస్త్రం మీద స్త్రీలు, పురుషులు, ముసలివారు, యువకులు కలిపి 44 బొమ్మలు ఈ వ్యాయామాలు చేస్తూ ఉన్నాయి. క్రీ.శ. 208లో మరణించిన వైద్యుడు హువా త్వో పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి కదలికలను అనుసరించి ఐదు ఆటలు కూర్చాడు. ఇవన్నీ ఆరోగ్యం కోసం, ఆయుర్దాయం కోసం. జంతువుల పేర్లున్నంత మాత్రాన వీటిని పోరాట శైలులకు తల్లిగా చెప్పడం తొందరపాటు; ఊపిరి సాధన, ముష్టిపోరు ఒకే విద్యగా కలిసిపోయింది మింగ్, చింగ్ వంశాల కాలంలో, అంటే వెయ్యేళ్లకు పైగా గడిచిన తరువాత.

షావోలిన్ మఠాన్ని క్రీ.శ. 5వ శతాబ్దం చివర, హెనాన్‌లోని సొంగ్ పర్వతం దగ్గర, ఉత్తర వెయ్ చక్రవర్తి షియావోవెన్ ఒక భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. చైనా గ్రంథాలు ఆయనను బాతువో అంటాయి. ఆయన బోధిధర్ముడు కాడు. బోధిధర్ముని గురించి అతి పాత ప్రస్తావన 547లో యాంగ్ షువాన్‌జి రాసిన లుయోయాంగ్ మఠాల వర్ణనలో ఉంది. అక్కడ ఆయన పారశీక దేశం నుంచి వచ్చిన 150 ఏళ్ల వృద్ధ భిక్షువు, ఒక గొప్ప గోపురాన్ని చూసి ముగ్ధుడై రోజుల తరబడి చేతులు జోడించి నిలబడినవాడు. 7వ శతాబ్దంలో భిక్షువుల జీవితాలు రాసిన దావోషువాన్ ఆయనను దక్షిణ భారత బ్రాహ్మణుడన్నాడు. షావోలిన్‌తో ఆయనకు ముడిపెట్టిన రాతలు 8వ శతాబ్దం ఆరంభం నుంచి గాని కనిపించవు. వాటిలో దేనిలోనూ పోరాటం ఊసు లేదు. అవన్నీ ధ్యాన మార్గపు గురువు గురించి చెప్పేవే.

పోరాటాన్ని ఆయనకు అంటగట్టింది 1624 నాటి ఒక పుస్తకం. కండరాలను మార్చే సూత్రంగా పేరుపడిన ‘యీజిన్ జింగ్’కు దాని కర్త రెండు దొంగ ముందుమాటలు జతచేసి, ఒకదాన్ని 7వ శతాబ్దపు సేనాని లీ జింగ్ పేర, మరొకదాన్ని 12వ శతాబ్దపు సేనాని నియూ గావ్ పేర పెట్టి, పుస్తకం బోధిధర్మునిదని ప్రకటించాడు. చింగ్ కాలపు పండితుడు లింగ్ తింగ్‌కాన్ అందులోని కాలదోషాలను ఎత్తిచూపాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో చైనా పత్రికల్లో ధారావాహికగా వచ్చిన ‘లావో త్సాన్ ప్రయాణాలు’ నవల ఆ కథను మళ్లీ జనంలోకి తెచ్చింది. 1930లో చరిత్రకారుడు తాంగ్ హావో అది కల్పన అని వివరంగా రుజువు చేశాడు. అయినా పుస్తకాల్లో, సినిమాల్లో కథ నిలిచిపోయింది. 2011లో తెలుగులోకి అనువాదమై వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ తమిళ చిత్రంతో తెలుగు ప్రేక్షకులకు పల్లవ రాకుమారుడైన యోధ భిక్షువు మరింత దగ్గరయ్యాడు. దక్షిణ భారత బౌద్ధులు దూరదేశాలకు వెళ్లిన మాట నిజం. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో అక్కడి ఆచార్యులు ధర్మాన్ని చేర్చిన దేశాల వరసలో కాశ్మీర గాంధారాల పక్కన ‘చీన’ పేరు చెక్కి ఉంది. వారు తీసుకెళ్లింది ధర్మం. ఆ గౌరవం చాలినంత పెద్దది; దానికి లేని కుస్తీ పట్లు చేర్చనక్కరలేదు.

షావోలిన్ బలానికి నిజంగా భారతీయమైన ఆసరా ఒకటుంది, దాని పేరు వజ్రపాణి. బుద్ధుని వెంట వజ్రాయుధంతో నడిచే ఈ అంగరక్షకుణ్ణి చైనీయులు నారాయణ అనే పేరుతో కూడా కొలిచారు. బాతువో శిష్యుడైన సెంగ్‌చౌ బాల్యంలో బలహీనుడై తోటివారి చేత దెబ్బలు తిని, వజ్రపాణి పాదాలు పట్టుకుని ఆరు రోజులు ప్రార్థించగా, దేవుడు ప్రత్యక్షమై నరాలు నిండిన మాంసం తినిపించి బలమిచ్చాడని 8వ శతాబ్దపు రచయిత జాంగ్ జువో రాశాడు. అది ఐతిహ్యమే. కానీ అహింస పాటించవలసిన మఠం బలాన్ని ఏ దేవుని పేరుతో సమర్థించుకుందో అది తెలుపుతుంది.

మఠం యుద్ధంలో దిగిన తొలి సందర్భానికి మాత్రం ఐతిహ్యంతో పనిలేదు. సుయ్ చక్రవర్తి వెన్ మఠానికి 100 చింగ్‌ల భూమి, అంటే వెయ్యి ఎకరాలకు పైగా, దానం చేశాడు. ఆ వంశం కూలి దేశం అల్లకల్లోలమైనప్పుడు దొంగలు మఠాన్ని తగలబెట్టారు. లుయోయాంగ్‌లో తనను చక్రవర్తిగా ప్రకటించుకున్న వాంగ్ షిచొంగ్ ఆ భూమిని తన సేనకు ఆధారంగా చేసుకున్నాడు. 621 వసంతంలో షావోలిన్ భిక్షువులు అక్కడి దళంపై విరుచుకుపడి, వాంగ్ సోదరుని కొడుకు రెన్‌జెను బంధించి, తాంగ్ వంశపు రాకుమారుడు లీ షిమిన్‌కు అప్పగించారు. గెలుపెవరిదో ఇంకా తేలని రోజులవి. ఆ తరువాత చక్రవర్తి అయిన లీ షిమిన్ వారికి కృతజ్ఞతాలేఖ రాశాడు. 40 చింగ్‌ల భూమి, ఒక నీటి మర మఠానికి దక్కాయి. ఒక్క తాన్‌జొంగ్ మాత్రం సేనాని బిరుదు పుచ్చుకున్నాడు. మఠం ఈ పోరులో దిగింది భూమి కోసమూ ప్రాణాల కోసమూ అన్నది దాచవలసిన సంగతి కాదు. ఆనాటి పెద్ద మఠాలు పెద్ద భూస్వామ్యాలు కూడా.

ఆ లేఖనూ, దానాల వివరాలనూ 728లో ఎత్తైన రాతిపలకపై చెక్కించారు, అది షావోలిన్ ఆవరణలో నేటికీ నిలబడి ఉంది. దానిపై పదమూడుగురు భిక్షువుల పేర్లున్నాయి. వారు ఏ శైలిలో పోరాడారో, ఏ ఆయుధం పట్టారో, ఎవరి దగ్గర నేర్చారో దానిలో ఒక్క మాట లేదు. బోధిధర్ముణ్ణి వారి యుద్ధగురువుగా పేర్కొన్న పంక్తి అందులో ఎక్కడా లేదు.

(సశేషం)